ఇంతకీ ఇక్కడ 'ఒకటి' అంటే ఏది?

టీ20 మ్యాచ్‌లో ఒక జట్టు 19.3 ఓవర్లలో 156 పరుగులకు ఆలౌటైందనుకుందాం. రన్‌రేట్ ఎంత? ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి 156ను 19.3తో భాగిస్తే దాదాపు 8.08 వస్తుంది. అది తప్పు. రన్‌రేట్ సరిగ్గా 8. స్కోరుబోర్డు మీది 19.3లో పాయింట్ తర్వాతి 3 అంటే పదింట మూడు వంతులు కాదు, మూడు బంతులు. ఓవర్‌కు ఆరు బంతులు కాబట్టి మూడు బంతులంటే అర ఓవర్. భాగించాల్సింది 19.5తో.

క్రికెట్ చూసే పిల్లలకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. 19.5 తర్వాత ఇంకో బంతి పడితే 20 ఓవర్లు అయిపోతాయని వాళ్లకు తెలుసు. అదే పిల్లల్ని బళ్లో 3.25, 3.5 రెంటిలో ఏది పెద్దదని అడగండి. చాలామంది 3.25 అంటారు, ఐదు కంటే ఇరవై ఐదు పెద్దది కదా అని. మైదానంలో పాయింట్ వెనక ఏముందో చూడగలిగినవాళ్లు నోట్‌బుక్‌లో చూడలేకపోతున్నారు. తెలివి తక్కువై కాదు. అక్కడ దేన్ని ఒకటిగా లెక్కపెడుతున్నారో వాళ్లకు కనిపిస్తోంది, ఇక్కడ కనిపించడం లేదు.

ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఉన్న గణితాన్ని మళ్లీ ఒకసారి తిరగేస్తే నాకు అర్థమైంది ఇదే. పాఠాల పేర్లు చాలా ఉంటాయి: స్థాన విలువ, భిన్నాలు, దశాంశాలు, పొడవు, వైశాల్యం, కోణాలు. అడుగున ప్రశ్న మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒక్కటే. ఇక్కడ 'ఒకటి' అంటే ఏది? పిల్లలు పదే పదే చేసే తప్పుల్లో ఎక్కువ భాగం, ఆ ఒకటి ఎప్పుడు మారిందో గమనించకపోవడం వల్ల వచ్చేవే.

ఈ గొడవంతా ఎందుకంటే పరిస్థితి అంత బాగా లేదు. పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ సర్వే 2024లో, గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 30 శాతం దగ్గరే ఆగారు. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి కేంద్రం 2021లో నిపుణ్ భారత్ మొదలుపెట్టినా, తెలంగాణ 2022లో తొలిమెట్టు తెచ్చినా కారణం ఇలాంటి పరిస్థితే. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ పేపర్-1లో 150 మార్కులకు 30 గణితానివి. వాటి కోసం డీఎడ్ అభ్యర్థులు ఈ పాఠాలే మళ్లీ చదువుతారు. అక్కడ కూడా చదివేది ఎక్కువగా సూత్రాలే.

పది ఒకటయ్యే చోటు

'నూట ఐదు' రాయమంటే రెండో తరగతిలో ఎవరో ఒకరు 1005 రాస్తారు. విన్నది విన్నట్టు రాశారు: నూరు, ఆ పక్కన ఐదు. నిజానికి ఇది మంచి సూచన. సంఖ్యలో భాగాలున్నాయని ఆ పిల్లకు తెలుసు. తెలియనిదల్లా, రాతలో వందను '100' అని రాయం, వంద ఉండే చోట '1' అని రాస్తాం అన్న సంగతి. అంటే వంద కూడా ఒక 'ఒకటే', వందల ఇంట్లో ఒకటి.

ఈ విషయంలో తెలుగు పిల్లలకు కొంత సుఖం ఉంది. పదకొండు నుంచి పంతొమ్మిది దాకా పేర్లు కాస్త మెలికలు తిరుగుతాయి గానీ, ఇరవై దాటాక దారి సాఫీ. నలభై ఏడు అంటే ముందు నాలుగు పదులు, తర్వాత ఏడు. పలికే వరస, రాసే వరస ఒకటే. హిందీలో నూరు దాకా పేర్లను దాదాపు విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లిష్ మీడియంలో చదివే మన పిల్లలు థర్టీన్, థర్టీ దగ్గర తడబడితే ఒకసారి తెలుగులో అడిగి చూడండి. చాలాసార్లు అక్కడ గణితం వచ్చే ఉంటుంది, పేరే రాదు.

స్థాన విలువకు అసలు పరీక్ష తీసివేతలో వస్తుంది. 52 నుంచి 27 తీసేయమంటే 35 అని రాసేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసేశారు. వాళ్ల దృష్టిలో అక్కడున్నది 52 కాదు, పక్కపక్కన కూర్చున్న 5, 2.

దీనికి బడిలో చెప్పే మందు 'పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో'. తరతరాలుగా వస్తున్న మాట. నాకు మాత్రం ఈ మాట మీద ఫిర్యాదు ఉంది. తెచ్చుకున్న అప్పు ఎప్పుడూ తీర్చరు. పైగా అక్కడ ఇచ్చింది ఒకటైతే ఇక్కడికి పది వస్తుంది. అప్పు ఎక్కడైనా అలా పెరుగుతుందా? జరిగేది అప్పు కాదు, పది రూపాయల నోటుకు చిల్లర మార్చడం. ఐదు పది నోట్లు, రెండు రూపాయి బిళ్లలు ఉన్నాయి. ఒక నోటు మార్చాం. నాలుగు నోట్లు, పన్నెండు బిళ్లలు అయ్యాయి. డబ్బు మొత్తం మారలేదు. పన్నెండులోంచి ఏడు పోతే ఐదు, నాలుగు నోట్లలోంచి రెండు పోతే రెండు. 25.

మధ్యలో సున్నా ఉన్నప్పుడు ఇది మరీ తేలికవుతుంది. 302 నుంచి 148 తీసేయాలి. 'పక్కింట్లో ఏమీ లేదు, అవతలి ఇంటికి వెళ్లు' అని చెప్తే పిల్లలు దారిలోనే తప్పిపోతారు. 302లో పదులెన్ని అని అడగండి. సున్నా అంటారు. కాదు, ముప్పై ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని మారిస్తే 29 పదులు, 12 ఒకట్లు. పన్నెండులోంచి ఎనిమిది పోతే నాలుగు, 29 పదుల్లోంచి 14 పోతే 15 పదులు. జవాబు 154. పదుల స్థానంలోని అంకె వేరు, సంఖ్యలో ఉన్న మొత్తం పదులు వేరు. ఈ తేడా ముఖ విలువ, స్థాన విలువ నిర్వచనాలు బట్టీ పడితే రాదు.

408ని 4తో భాగించి 12 అని రాసేది కూడా ఇక్కడ తేడా కొట్టినవాళ్లే. నాలుగు వందల్ని నలుగురికి పంచితే తలా వంద రావాలి కదా, పన్నెండేమిటి అని అడిగితే వాళ్లే నవ్వుకుని దిద్దుకుంటారు. లక్షలు, కోట్ల దగ్గర కొత్తగా చెప్పాల్సింది లేదు. మనం కామా మొదట మూడు అంకెలకు, ఆ తర్వాత రెండేసి అంకెలకు పెడతాం. మిలియన్లలో లెక్కపెట్టేవాళ్లు మూడేసికి పెడతారు. కోటి అంటే పది మిలియన్లు, అంతే.

సున్నా, ఒకటి: ఇద్దరూ తిక్కవాళ్లే

సున్నా సరి సంఖ్యా, బేసి సంఖ్యా? టీచర్లను అడిగినా ఒక్క క్షణం ఆగుతారు. రెండేసి చొప్పున జతలు కడితే ఏమీ మిగలకపోవడం సరి సంఖ్య లక్షణం. సున్నాలో జతలే లేవు, మిగిలేదీ లేదు. ఇటు మైనస్ ఒకటి, అటు ఒకటి, రెండూ బేసి. మధ్యలోది సరే కావాలి. 2016 జనవరిలో ఢిల్లీలో సరి–బేసి కార్ల నిబంధన పెట్టినప్పుడు, సున్నాతో ముగిసే నంబర్లను సరి వైపే చేర్చారు.

సున్నాతో భాగించడం ఇంకో చిక్కు. ఇందులో తడబడటం అవమానం కాదు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాకు నియమాలు రాస్తూ, సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు, ఏ సంఖ్యనైనా సున్నాతో భాగిస్తే ఆ సంఖ్య మారదన్నాడు. ఆయన గణిత గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు చేశాడు. ఇప్పుడు మనం 'నిర్వచించలేం' అంటాం. కారణం చిన్నదే. 12ను 3తో భాగిస్తే 4 అంటే, 3ను 4తో గుణిస్తే 12 అని. 12ను సున్నాతో భాగిస్తే వచ్చేదేదైనా, దాన్ని సున్నాతో గుణించినప్పుడు 12 రావాలి. సున్నాతో ఏది గుణించినా సున్నాయే. కాబట్టి జవాబు లేదు. మరి సున్నాను సున్నాతో భాగిస్తే? ఏ సంఖ్య పెట్టినా సరిపోతుంది. ఒకచోట జవాబు లేదు, ఇంకోచోట జవాబులు మరీ ఎక్కువ. రెండు కారణాలూ వేరు, తీర్పు మాత్రం ఒకటే.

ఇక ఒకటి. దాన్ని ఒకటితోనూ, దానితోనూ భాగించవచ్చు కదా, మరి ప్రధాన సంఖ్య ఎందుకు కాదు? 1742లో గణితవేత్త గోల్డ్‌బాక్ మరో గణితవేత్త అయిలర్‌కు రాసిన ఉత్తరంలో ఒకటిని ప్రధాన సంఖ్యగానే లెక్కేశాడు. తర్వాత పక్కన పెట్టడానికి కారణం సౌకర్యమే. 12ను ప్రధాన సంఖ్యలుగా విడగొడితే 2×2×3, మరో రకంగా కుదరదు. ఒకటిని రానిస్తే 1×2×2×3, 1×1×2×2×3 అంటూ అంతే ఉండదు. 'ప్రధాన సంఖ్యకు కారణాంకాలు సరిగ్గా రెండు' అని చెప్తే ఒకటి తనంతట తనే బయటికి పోతుంది, దాని కారణాంకం ఒక్కటే కాబట్టి.

గడువు తీరిన నియమాలు

మూడో తరగతిలో నిజమై, పై తరగతులకు వచ్చేసరికి అబద్ధమైపోయే మాటలు కొన్ని ఉన్నాయి. 'గుణిస్తే పెరుగుతుంది, భాగిస్తే తగ్గుతుంది' అందులో మొదటిది. 'పదితో గుణిస్తే చివర సున్నా పెట్టు' రెండోది. 'చిన్నదాంట్లోంచి పెద్దది తీయలేం' మూడోది. చెప్పినప్పుడు వాటికి గడువు ఉందని ఎవరూ చెప్పరు.

ఆరు కిలోల జంతికలు అరకిలో ప్యాకెట్లలో సర్దాలి. ఎన్ని ప్యాకెట్లు? పన్నెండని అందరికీ నోటికొస్తుంది. అదే లెక్కను 6 ÷ ½ అని రాస్తే మూడు అంటారు. భాగహారం అంటే ముగ్గురికో నలుగురికో పంచడం అని మాత్రమే నేర్చుకుంటే ½ మందికి ఎలా పంచుతారు? భాగహారానికి రెండో అర్థం ఉంది: ఇందులో అవి ఎన్నిసార్లు ఉన్నాయి అని. ఆరు కిలోల్లో అరకిలోలు పన్నెండుసార్లు ఉన్నాయి. అక్కడ కొలిచే 'ఒకటి' అరకిలో. ఈ రెండో అర్థం మొదటినుంచీ వాడుకలో ఉంటే, పై తరగతిలో వచ్చే 'తలకిందులు చేసి గుణించు' అన్న మంత్రం మంత్రంలా కనిపించదు.

శేషం సంగతీ ఇదే. 31 మంది పిల్లలు, ఆటోకు నలుగురు. 7 వస్తుంది, శేషం 3. కావాల్సిన ఆటోలు మాత్రం ఎనిమిది. ముగ్గురిని రోడ్డు మీద వదిలేయలేం కదా. శేషాన్ని ఏం చేయాలో లెక్క చెప్పదు, సందర్భం చెప్తుంది.

దేంట్లో పావు?

భిన్నాల దగ్గర ఇంకాస్త సేపు ఆగాలి. చాలామందికి లెక్కల మీద భయం ఇక్కడే పట్టుకుంటుంది.

మన రోజువారీ మాటల్లో భిన్నాలకు కొదవ లేదు. పావు కిలో, అర లీటరు, ముప్పావు గంట, పావు తక్కువ రెండు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద పైసలు రాకముందు రూపాయికి పదహారు అణాలు. పావలా అంటే నాలుగణాలు, బేడ అంటే రెండణాలు. సగంలో సగం, దాంట్లో సగం అంటూ పోయే లెక్క అది. పైసలు వచ్చాక పావలా 25 పైసలుగా నిలబడింది గానీ, బేడ పన్నెండున్నర పైసలై లెక్కకు కుదరకుండా పోయింది. ఇంత వాడుక ఉన్నా, బళ్లో భిన్నం అనగానే గుండ్రటి బొమ్మ గీసి, నాలుగు ముక్కలు చేసి, ఒకటి రంగు వేయడంతో మొదలై చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.

ఆ బొమ్మతో వచ్చే ఇబ్బంది ఇది. 'నాలుగు ముక్కల్లో ఒకటి' అని నేర్చుకున్న పిల్లకు 7/4 కనిపిస్తే, నాలుగు ముక్కల్లో ఏడు ఎలా తీస్తారని అడుగుతుంది. సరైన ప్రశ్నే. పావును ఒక ముక్కగా కాకుండా లెక్కపెట్టే వస్తువుగా చూస్తేనే దానికి జవాబు దొరుకుతుంది. ఒక పావు, రెండు పావులు, మూడు పావులు, నాలుగు పావులు అంటే ఒకటి, ఏడు పావులు అంటే ఒకటీ ముప్పావు. హారం మనం దేన్ని లెక్కపెడుతున్నామో చెప్తుంది, లవం ఎన్ని ఉన్నాయో చెప్తుంది. 2/7కు 3/7 కలిపితే 5/7 ఎందుకో, 5/14 ఎందుకు కాదో అప్పుడు వివరించాల్సిన పని లేదు. రెండు మామిడిపళ్లకు మూడు కలిపితే ఐదు మామిడిపళ్లే.

పైనవి పైన, కిందవి కింద కలిపేయడం పిల్లల బద్ధకం అనుకుంటాం. వాళ్ల ప్రోగ్రెస్ కార్డు చూడండి. మొదటి స్లిప్ టెస్టులో 3/5, రెండోదాంట్లో 4/10. మొత్తం 7/15. ఇలా కలిపింది టీచరే, అది సరైన లెక్కే. అదే వారం భిన్నాల పాఠంలో 3/5 + 4/10 వస్తే జవాబు 1. 4/10 అంటే 2/5 కాబట్టి మూడు, రెండు కలిసి ఐదుకు ఐదు. ఒకే రాత, ఒకే ప్లస్ గుర్తు, రెండు వేర్వేరు జవాబులు. పిల్లలు గందరగోళపడకుండా ఎలా ఉంటారు?

తేడా ఎక్కడుంది? మార్కుల్లో మొదట 'ఒకటి' అంటే ఐదు మార్కుల పేపరు, తర్వాత పది మార్కుల పేపరు, చివరికి పదిహేను మార్కుల మొత్తం. రెండుసార్లు మారింది. భిన్నాల కూడికలో మొదటినుంచి చివరిదాకా ఒకటి ఒకటే. ఒకే దోసెలో ఐదింట మూడు వంతులు, దాంట్లోనే పదింట నాలుగు వంతులు తింటే దోసె అయిపోయింది. నిజానికి మార్కుల దగ్గర మనం రాసేది భిన్నాలే కాదు, రెండు లెక్కల జత. గీత ఒకటే కావడం వల్ల ఒకేలా కనిపిస్తాయి. పాఠం మొదలుపెట్టే ముందు ఈ రెంటినీ బోర్డు మీద పక్కపక్కన రాసి చూపించే టీచర్లు ఉంటే వాళ్లకు నా నమస్కారం.

1/3 కంటే 1/4 పెద్దదనడం ఇంతకంటే తేలికైన తప్పు. ముగ్గురు పంచుకుంటే నీకెంత, నలుగురు పంచుకుంటే నీకెంత అని అడిగితే తీరిపోతుంది. గుణకారం కూడా అంతే. అరలో సగం పావు. ½ × ½ = ¼ అని రాసినప్పుడు వింతగా కనిపించేది, నోటితో చెప్పినప్పుడు వింత కాదు.

దశాంశాలు కొత్త సంఖ్యలు కావు, పదులు, వందల హారాలున్న భిన్నాలే. మనం పలికే తీరు వాటిని పాడు చేస్తుంది. 3.25ను 'మూడు పాయింట్ ఇరవై ఐదు' అంటే అవతల ఇరవై ఐదు ఏవో ఉన్నట్టు వినిపిస్తుంది. 'మూడు పాయింట్ రెండు ఐదు' అనాలి. రూపాయలు, పైసలతో దశాంశాలు నేర్పడం మంచిదే గానీ అందులో ఒక మరుగు ఉంది. డబ్బులో పాయింట్ తర్వాత ఎప్పుడూ రెండే అంకెలు. కిరాణా కొట్టు కాటా మీద ఎప్పుడూ మూడే: 0.250, 0.500. అంకెల సంఖ్య సమానంగా ఉంటే పూర్ణాంకాల్లా పోల్చినా తప్పు బయటపడదు. అందుకే 3.5, 3.25 పక్కపక్కన పడేదాకా ఎవరికీ అనుమానం రాదు. 3.5కు చివర ఒక సున్నా చేర్చి 3.50 అని రాసి చూపిస్తే చాలు. అదే 2.5ను పదితో గుణించి 'చివర సున్నా' పెట్టి 2.50 రాశారంటే గడువు తీరిన నియమం పట్టుబడినట్టు. పదితో గుణిస్తే సున్నా రాదు, ప్రతి అంకే ఒక స్థానం ఎడమకు జరుగుతుంది. చివర ఖాళీ పడితే దాన్ని సున్నా నింపుతుంది.

గజం అంటే మూడు అడుగులేనా?

ఇప్పుడు కొలతల్లోకి. స్కేలు విరిగిపోయింది, 3 దగ్గర మొదలవుతోంది. పెన్సిల్‌ను దానిమీద పెడితే 3 నుంచి 8 దాకా వచ్చింది. పొడవెంత? ఎనిమిదనేవాళ్లు చివరి అంకె చదివారు. ఆరనేవాళ్లు గీతలు లెక్కపెట్టారు. ఐదు రావాలంటే గీతల మధ్య ఖాళీలు లెక్కపెట్టాలి. సెంటీమీటరు అంటే గీత కాదు, రెండు గీతల మధ్య దూరం. చుక్కల ముగ్గు వేసేవాళ్లకు ఇది చేతికి తెలుసు: వరసలో ఐదు చుక్కలుంటే వాటి మధ్య నాలుగే సందులు. ఇంట్లో పగిలిన స్కేలు ఉంటే పారేయకండి, కొత్త దానికంటే బాగా నేర్పుతుంది.

వైశాల్యానికి వస్తే, దాన్ని మనం రోజూ మాట్లాడుకునే తీరే ఒక పజిల్. '200 గజాల ప్లాటు' అంటాం. గజం పొడవు కొలత, మూడు అడుగులు. ఆ లెక్కన 200 గజాలంటే 600 అడుగులు, పొడుగ్గా ఒక దారి అవుతుంది తప్ప ప్లాటు కాదు. రియల్ ఎస్టేట్‌లో గజం అంటే చదరపు గజం. మాటలో 'చదరపు' ఎగిరిపోయింది. మూడు అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు ఉన్న గడి అది. లోపల అడుగు గడులు వరసకు మూడు చొప్పున మూడు వరసలు, మొత్తం తొమ్మిది. కాబట్టి 200 గజాలు అంటే 1800 చదరపు అడుగులు. చదరపు అడుగుల్ని గజాల్లోకి మార్చడానికి తొమ్మిదితో భాగిస్తారని అందరికీ తెలుసు, ఆ తొమ్మిది ఎక్కడిదని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ.

పొలం లెక్కలూ ఇవే. ఎకరం 4840 చదరపు గజాలు. ఆంధ్రలో దాన్ని వంద సెంట్లు చేస్తారు, సెంటుకు 48.4 గజాలు. తెలంగాణలో నలభై గుంటలు చేస్తారు, గుంటకు 121 గజాలు. 121 అంటే 11×11. అంటే గుంట, పక్కకు పదకొండు గజాలు, అంటే 33 అడుగులు ఉన్న చతురస్రమంత నేల. ఎకరం ఒకటే, దాన్ని కొలిచే 'ఒకటి' ఊరిని బట్టి మారింది.

200 గజాల ప్లాటు 30×60 అడుగులు కావచ్చు, 36×50 కావచ్చు. వైశాల్యం రెంటికీ 1800. ప్రహరీ గోడ కట్టాలంటే మొదటిదానికి 180 అడుగులు, రెండోదానికి 172. వైశాల్యం సమానమైనంత మాత్రాన చుట్టుకొలత సమానం కాదని చెప్పడానికి ఇంతకంటే పనికొచ్చే ఉదాహరణ నాకు దొరకలేదు. ఎనిమిది అడుగుల గోడ ఖర్చు ఎంతో మేస్త్రీని అడగొచ్చు. ఇక ప్లాటు రెండు వైపులా రెట్టింపు చేస్తే, 60×120, అది 400 గజాలు కాదు, 800. పిల్లలతో పాటు పెద్దలూ ఇక్కడ పడిపోతారు. గీత గీసి చూస్తే పాత ప్లాట్లు నాలుగు అందులో పడతాయి.

వైశాల్యం, చుట్టుకొలత కలగలిసిపోవడానికి మనం ఎంచుకునే లెక్కలు కూడా కొంత కారణం. 4 సెంటీమీటర్ల చతురస్రం తీసుకుంటే చుట్టుకొలత 16, వైశాల్యమూ 16. 6×3 దీర్ఘచతురస్రానికి రెండూ 18. పూర్ణాంకాల భుజాలతో ఇలా రెండూ కలిసే దీర్ఘచతురస్రాలు ఈ రెండే. మొదటి ఉదాహరణగా అవి వద్దు. 7×1 తీసుకోండి: చుట్టుకొలత 16, వైశాల్యం 7. దాన్ని 4×4 పక్కన పెట్టండి, చుట్టుకొలత అంతే ఉండి లోపలి గడులు రెట్టింపు కంటే ఎక్కువ. సూత్రం కంటే ముందు గడులు నింపనివ్వాలి. వరసకు ఎన్ని, ఎన్ని వరసలు అని లెక్కపెట్టిన పిల్లకు పొడవు × వెడల్పు ఎవరూ చెప్పకుండానే దొరుకుతుంది. ఎక్కాలూ, వైశాల్యమూ ఒకటేనని అప్పుడు కనిపిస్తుంది.

ఘనపరిమాణం ఇదే బాటలో ఇంకో మెట్టు. మీటరుకు వంద సెంటీమీటర్లు, చదరపు మీటరుకు పది వేల చదరపు సెంటీమీటర్లు, ఘనపు మీటరుకు పది లక్షల ఘనపు సెంటీమీటర్లు. వెయ్యి ఘనపు సెంటీమీటర్లు ఒక లీటరు. మేడ మీది వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకులో పట్టేది సరిగ్గా ఒక ఘనపు మీటరు.

తిరగడం, ఒంగడం, పేరు మారడం

కోణంలో 'ఒకటి' కంటికి కనిపించదు. అందుకే పొడుగు చేతులున్న కోణాన్ని పెద్దదంటారు. కోణం అంటే రెండు గీతల మధ్య జాగా కాదు, ఒక గీత ఎంత తిరిగితే రెండోదాని మీదికి వస్తుందన్న సంగతి. పూర్తిగా ఒక చుట్టు 360 డిగ్రీలు, దాంట్లో పావు చుట్టు లంబకోణం. తలుపు తెరుస్తూ చెప్పొచ్చు, గడియారంతో చెప్పొచ్చు. మూడు గంటలకు ముళ్ల మధ్య 90 డిగ్రీలు. మూడున్నరకు? పెద్ద ముల్లు 6 మీద, చిన్న ముల్లు 3 మీద కాబట్టి 90 అనేస్తారు. చిన్న ముల్లు 3 మీద ఆగి ఉండదు, సగం దూరం 4 వైపు వెళ్లింది. కాబట్టి 75. కోణమాని మీద రెండు వరసల అంకెలు ఉండటం ఇంకో తలనొప్పి. లంబకోణం కంటే పెద్దదా, చిన్నదా అని కొలవడానికి ముందే కంటితో తేల్చుకుంటే 60కి బదులు 120 రాసే పొరపాటు ఉండదు.

ఆకారాల పేర్లు మాత్రం ఈ 'ఒకటి' ప్రశ్నకు లొంగవు. వాటిది వేరే గొడవ. చతురస్రాన్ని కాస్త తిప్పి మొన మీద నిలబెడితే, ఇది చతురస్రం కాదు డైమండ్ అంటారు. భూమి, అంటే అడుగు భుజం, అడ్డంగా లేని త్రిభుజాన్ని త్రిభుజమని ఒప్పుకోరు. డచ్ టీచర్లు పియరీ వాన్ హీలే, డీనా వాన్ హీలే దంపతులు 1957లో తమ పరిశోధనల్లో దీనికి ఒక క్రమం చెప్పారు. పిల్లలు ముందు ఆకారాన్ని మొత్తంగా చూపును బట్టి గుర్తుపడతారు, తర్వాత దాని లక్షణాలు గమనిస్తారు, ఆ తర్వాతే ఒక లక్షణానికి ఇంకోదానికి ఉన్న సంబంధం చూస్తారు. వయసు పెరిగినంత మాత్రాన పై మెట్టు ఎక్కరు, చేసే పనిని బట్టి ఎక్కుతారు. మొదటి మెట్టు మీదున్న పిల్లకు మూడో మెట్టు మాటలు చెప్తే అవి బట్టీగానే మిగులుతాయి.

'చతురస్రం కూడా దీర్ఘచతురస్రమే' అన్నది అలాంటి మూడో మెట్టు మాట. పిల్లలు ఒప్పుకోరు, నిజం చెప్పాలంటే చాలామంది తల్లిదండ్రులూ ఒప్పుకోరు. వాళ్ల పక్షాన ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ ఉన్నాడు. ఆయన ఇచ్చిన నిర్వచనంలో దీర్ఘచతురస్రానికి కోణాలు లంబకోణాలు, భుజాలన్నీ మాత్రం సమానం కాకూడదు. అంటే చతురస్రం అందులోకి రాదు. ఈనాటి పుస్తకాలు దాన్ని లోపలికి తెచ్చాయి. నాలుగు లంబకోణాలున్న చతుర్భుజం ఏదైనా దీర్ఘచతురస్రమే. ఇది గెలవడానికి కారణం పని తగ్గడం. దీర్ఘచతురస్రం కర్ణాలు సమానమని ఒకసారి చూపిస్తే చతురస్రానికి మళ్లీ చూపించనక్కర్లేదు.

దీన్ని నిర్వచనంతో మొదలుపెట్టకపోతే మేలు. ఒక కాగితం ఇచ్చి, 6×4 దీర్ఘచతురస్రం గీయమనండి. తర్వాత 5×4. తర్వాత 4×4. ఆ తర్వాత 3×4. ఏ అడుగులో అది దీర్ఘచతురస్రం కాకుండా పోయిందో, మళ్లీ ఎప్పుడు అయిందో చెప్పమనండి. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే వాదన గట్టిగానే జరుగుతుంది. మధ్యలో కలగజేసుకోకుండా కాసేపు ఊరుకోండి.